ఫాగ్ బే దగ్గర పేరు లేని వాగులు

మార్చి 4, మంగళవారం

మధ్యాహ్నం నీరజను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాను. కారు వెనక సీట్లో పిల్లల కుర్చీ బిగించి ఉంది. పొద్దున్నే తీసేద్దామనుకున్నాను, కింద క్లిప్పు ఊడి రాలేదు. నీరజ ముందు కూర్చుంది. అత్తయ్య గారు వెనక ఆ కుర్చీ పక్కనే కూర్చుని తన చేతిసంచి దాంట్లో పెట్టారు. దారంతా వాన.

ఆదివారం పుట్టింది. ఆడపిల్ల. శనివారమే డాక్టరు స్కాన్ చూసి గుండె చప్పుడు లేదని చెప్పింది. నెలలు నిండాయి. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

ఆస్పత్రిలో మిడ్‌వైఫ్ పాప పేరు అడిగింది. కార్డు మీద పాదాల ముద్రలు వేసి, పైన పేరు రాయాలట. "మాకు ఇరవై ఒకటో రోజున పెడతారు" అన్నాను. ఇంగ్లీషులోనే, వివరంగా, బారసాల అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆవిడ తలూపి, 'బేబీ' అని రాసి పక్కన మా ఇంటిపేరు రాసింది. అడిగినదానికి సరైన జవాబే చెప్పాను. మాకు ఇరవై ఒకటో రోజునే. నీరజ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

మార్చి 5

క్లిప్పు ఊడింది. కుర్చీ గరాజ్‌లో పెట్టాను.

మార్చి 6

తెలుగు సంఘం పాండురంగ గారూ నేనూ శ్మశానానికి వెళ్లొచ్చాం. ఎండ కాసింది.

మార్చి 7, శుక్రవారం

అత్తయ్య గారు పురుడు పోయడానికని వైజాగ్ నుంచి జనవరిలో వచ్చారు. సూట్‌కేసు నిండా శొంఠి, వాము, పిప్పళ్లు, కాయం ముద్ద. డార్విన్ ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ కుర్రాడు కాయం డబ్బా మూత తీసి వాసన చూసి వెంటనే మూత పెట్టేశాడని నెల రోజులు నవ్వుకున్నాం. ఆ డబ్బా ఇప్పుడు తీశారు. పొద్దున్నే కాయం ఉండ, తర్వాత వెల్లుల్లి కారంతో అన్నం, నెయ్యి. చెవుల్లో దూది. తలకు గుడ్డ. అన్నీ మామూలు బాలింతకు చేసినట్టే.

నాకు ఉండబట్టలేదు. "ఇప్పుడివన్నీ ఎందుకండీ అత్తయ్య గారూ" అన్నాను.

"బిడ్డ లేకపోతే బాలింత కాకుండా పోద్దా బాబూ? దాని ఒంటికి ఆ సంగతి తెలీదు కదా" అన్నారు.

ఒంటికి తెలియదన్నది నిజమే. నీరజకు పాలు పడ్డాయి. రాత్రంతా నొప్పి. ఆస్పత్రివాళ్లు చల్లటి క్యాబేజీ ఆకులు పెట్టుకోమన్నారు. అత్తయ్య గారు మల్లెపూలు కావాలన్నారు, కట్టుకుంటే పాలు ఇంకిపోతాయట. డార్విన్‌లో మల్లెపూలు ఎక్కడ దొరుకుతాయండీ అన్నాను. "వెతికితే దొరక్కపోవు. ఇంత వాన పడే ఊరు" అన్నారు. ఆవిడ ఒకటి అనుకున్నారంటే ఇక అంతే.

మార్చి 9, ఆదివారం

రాపిడ్ క్రీక్ మార్కెట్‌లో దొరికాయి. థాయ్ ఆవిడ చిన్న బుట్టలో పెట్టుకుని కూర్చుంది. ఉన్నవన్నీ ఇమ్మన్నాను. "వెడ్డింగ్?" అంది నవ్వుతూ. "యెస్" అన్నాను. కంగ్రాచులేషన్స్ అని ఒక మూర దండ ఊరికే ఇచ్చింది.

అత్తయ్య గారు పూలన్నీ పాత చీర ముక్కలో మూటగట్టి గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకున్నారు. ఇల్లంతా మల్లెల వాసన. పెళ్లయిన కొత్తలో మా గదిలో వచ్చిన వాసనే. వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. దండ ఏం చేయాలో తెలియక ఫ్రిజ్‌లో పెట్టాను.

మార్చి 11, మంగళవారం

ఆఫీసుకు వెళ్లాను. లియాన్ మా మ్యాపుల టీమ్ లీడరు. లిఫ్టు దగ్గర నన్ను చూసి ఏదో అనబోయి, అనకుండా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. అది నయం. కొత్త పని ఇచ్చింది. ఫినిస్ నది మ్యాపు పాతబడింది, కొత్త శాటిలైట్ బొమ్మలతో పోల్చి నదినీ వాగులనీ మళ్లీ గీయాలి. "నో రష్, మేట్" అంది.

ఫినిస్ ఇక్కడికి దక్షిణాన, బ్యాచిలర్ అనే ఊరి దగ్గర రాళ్ల గుట్టల్లో పుడుతుంది. పడమటికి పారి ఫాగ్ బే అనే అఖాతంలో కలుస్తుంది. నేను కొవ్వూరు వాణ్ని. గోదావరి చూసిన కళ్లతో దీన్ని నది అనడానికి మొదట్లో నోరు రాలేదు. తూర్పు పాయ అయితే ఎండాకాలం గుంటలు గుంటలుగా మిగులుతుంది. ఒకప్పటి యురేనియం గని పక్కనుంచి వస్తుంది కాబట్టి దాని నీళ్లు చాలా ఏళ్లు పాడైపోయి ఉన్నాయి. మధ్యలో బల్లపరుపు నేల. వానాకాలంలో అక్కడ నదికి గట్లే ఉండవు. ఎక్కడ చూసినా నీళ్లే, చెట్లు నడుముల దాకా నీళ్లలో. ఇక కింద అన్నీ మెలికలు, మడచెట్లు, బురద, మొసళ్లు. ఆ తర్వాత అఖాతం.

కంప్యూటరుకు నది అంటే ఒక గీత. గీతకు మొదలూ చివరా ఉండాలి, ఎటు పారుతుందో బాణం గుర్తు ఉండాలి. పోటు ఎక్కినప్పుడు ఫినిస్ కింద భాగమంతా వెనక్కి పారుతుంది. బాణం మాత్రం ఒకవైపే పెట్టాలి. పెట్టాను.

ఎడమ గట్టున కలిసే చిన్న వాగుల్లో కొన్నింటికి పేరు లేదు. పేరు గడి ఖాళీగా వదిలితే సాఫ్ట్‌వేర్ ముందుకు పోనివ్వదు. 'అన్‌నేమ్డ్' అని కొట్టాలి. కొట్టాను. రోజు బాగానే గడిచింది.

మార్చి 12

ఎడమ గట్టు. వాన.

మార్చి 16, ఆదివారం

పాండురంగ గారు, వాళ్లావిడ సీతాదేవి ఆంటీ వచ్చారు. ఇక్కడ తెలుగు సంఘం అంటే ఆయనే. మనిషి మంచివాడు, నోరు ఊరుకోదు. "ఆఫీస్‌కి వెళ్తున్నారా? గుడ్, గుడ్. కీప్ బిజీ అండి, అదొక్కటే మందు" అన్నారు. ఆంటీ నీరజ గది తలుపు దగ్గరికి వెళ్లి, "ఏడాది తిరిగేసరికి మళ్లీ నీ ఒళ్లో ఉంటుంది చూడమ్మా, ఈసారి అబ్బాయే" అన్నారు. లోపలినుంచి గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. ఆంటీ చిన్నబుచ్చుకుని కాఫీ తాగకుండా లేచారు. నాకు జాలేయలేదు.

వాళ్లు వెళ్లాక అత్తయ్య గారితో పేరు సంగతి ఎత్తాను. నా అంతట నేను ఎత్తలేదు, శ్మశానం వాళ్ల ఈమెయిల్ వచ్చింది, చిన్న ఫలకం మీద ఏం రాయాలని అడిగారు. ఆవిడ చాలాసేపు బియ్యం ఏరారు. తర్వాత, "అలా పోయిన పిల్లలకి పేర్లు పెట్టరు బాబూ. పేరు పెడితే మనల్ని వదిలి పోలేరంటారు" అన్నారు. సరే అన్నాను. నాకూ అదే సబబనిపించింది. ఈమెయిల్‌కు జవాబివ్వలేదు.

ఆరో తారీకున శ్మశానంలో ఒక పని చేశాను. రాయాలో వద్దో తెలియదు, రాస్తున్నాను. మట్టి వేయడం అయ్యాక పాండురంగ గారు కారు దగ్గరికి వెళ్లారు. నేను ఫోను తీసి మ్యాపులో ఆ చోటును పిన్ చేశాను. ఫీల్డుకు వెళ్తే ఎక్కడైనా అదే చేస్తాం, చెయ్యి దానంతటదే పోయింది. సేవ్ చేయబోతే ఈ స్థలానికి పేరేమిటని అడిగింది. 'పాయింట్ వన్' అని పెట్టాను.

మార్చి 18

నీరజ వాళ్ల అక్క సింధుజ సిడ్నీ నుంచి ఫోన్ చేసింది. "హేమచంద్ర గారూ, కొన్నాళ్లు దాన్నీ అమ్మనీ ఇక్కడికి పంపండి. అక్కడ వెదర్‌కే డిప్రెషన్ వస్తుంది మనిషికి" అంది. నీరజను అడిగాను. "ఎక్కడైతే ఏంటి" అంది. టికెట్లు తీశాను.

మార్చి 20, గురువారం

వాళ్లిద్దరినీ ఫ్లైట్ ఎక్కించాను. పురిటి రోజులు వెళ్లకుండా గడప దాటడమేమిటని అత్తయ్య గారు రాత్రంతా సణుగుతూనే ఉన్నారు. చివరికి నీరజ చెవుల్లో దూది, తలకు ఉలెన్ స్కార్ఫు, కాళ్లకు సాక్సు. బయట ముప్పైమూడు డిగ్రీలు. చెకిన్ క్యూలో ఒక ముసలావిడ ఆ స్కార్ఫు చూసి తెలిసినట్టే నవ్వింది. శ్రీలంక ఆవిడ అనుకుంటాను. "హౌ ఓల్డ్ ఈజ్ యువర్ బబ్?" అని పాప గురించి అడిగింది. నీరజ ఆవిడనే చూస్తూ నిలబడింది. "అట్ హోమ్ విత్ గ్రాండ్మా" అన్నాను నేను. గ్రాండ్మా పక్కనే నిలబడి ఉన్నారు. ఆవిడకు ఇంగ్లీషు బాగానే తెలుసు.

గేటు దగ్గర నీరజను అడిగాను, రోజూ ఫోన్ చేయనా అని.

"చేసి ఏం మాట్లాడతావు చందూ? తిన్నావా, పడుకున్నావా అనేగా. వద్దు."

"మరి?"

కొంచెం ఆలోచించింది. "ఆఫీస్‌లో ఏం వర్క్ ఇచ్చారు?"

"నది ఒకటి. ఫినిస్."

"అయితే అది చెప్పు. దాని గురించి అయితే వింటా."

మార్చి 22, శనివారం

ఇవాళ ఏ రోజో నాకు తెలుసు. తెలుసని రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

బట్టలు ఉతికాను. మధ్యాహ్నం నీరజే ఫోన్ చేసింది. వెళ్లాక తనంతట తను చేయడం ఇదే మొదలు.

"ఏం చేస్తున్నావు?"

"బట్టలు ఆరేస్తున్నా."

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు."

"సరే, నది చెప్పు" అంది. కొండల దగ్గర మొదలుపెట్టాను. గులకరాళ్ల మీద నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవని, అడుగు కనిపిస్తుందని, అక్కడ నిలబడితే ఇది ఎక్కడికో పోయే నది అనిపించదని చెప్పాను. బాగానే చెప్పాను. తను ఏమీ అడగలేదు. అత్తయ్య గారు వెనకనుంచి ఏదో అన్నారు, "ఉండమ్మా" అంది. పెట్టేసింది.

మార్చి 25

తూర్పు పాయ గురించి చెప్పాను. గనిని మూసేసి చాలా ఏళ్లయింది, ఇంకా బాగు చేస్తూనే ఉన్నారు. "ఇన్నేళ్లకా?" అంది. అవునన్నాను. "అయితే ఏమవుతుంది అందులో, చేపలవీ ఉండవా?" అంది. కొంచెం కొంచెంగా తిరిగొస్తున్నాయని ఎక్కడో చదివాను, అది చెప్పాను. మంచిదే అంది.

మార్చి 27

మధ్య భాగం. గట్లు లేని చోటు. "మరి నది ఎక్కడుందని ఎలా తెలుస్తుంది?" అంది. తెలియదు, వాన తగ్గాక చూడాలి అన్నాను. "మరి గీత ఎలా గీశావు?" పోయినేడు ఎండాకాలం బొమ్మ చూసి గీశానన్నాను. "అయితే అది ఇప్పటి నది కాదు కదా" అంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను లియాన్‌ను అడిగిన ప్రశ్నే అది. నాకు సంతోషమేసినట్టుంది. సంతోషమేనా అని ఫోన్ పెట్టాక కాసేపు చూసుకున్నాను. ఏమీ దొరకలేదు.

మార్చి 30

ఉగాది. పాండురంగ గారు వాట్సాప్ గ్రూపులో పచ్చడి ఫొటో పెట్టారు. మాకు ఈ ఏడు పండగ ఉందో లేదో ఎవరినడగాలో తెలియదు. నూడిల్స్ తిన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

నది మూసే పని. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు. నది సముద్రంలో కలిసే చోట దాని బొమ్మ తెరుచుకుని ఉంటుంది. తెరుచుకున్న బొమ్మకు వైశాల్యం రాదు. అందుకని ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా ఒక గీత కొట్టి నదిని మూసేయాలి. గీతకు ఇటు నది, అటు బే. అక్కడికెళ్లి చూస్తే రెండువైపులా అవే నీళ్లు, అదే బురద.

ఎక్కడ కొట్టాలో తేలక పొద్దుటి నుంచి నాలుగు చోట్ల కొట్టి చెరిపాను. సాయంత్రం నీరజకు చెప్పాను.

"కొట్టకపోతే ఏమవుతుంది?" అంది.

"ఫైల్ సబ్మిట్ అవదు."

"అవకపోతే ఏమవుతుంది?"

నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

కారు తీసుకుని డండీ బీచ్‌కి వెళ్లాను. ఫాగ్ బే ఒడ్డున ఉంటుంది. ఎందుకు వెళ్లానంటే ఆ గీత ఎక్కడ కొట్టాలో కళ్లతో చూద్దామని. నది సముద్రంలో కలిసే చోటు అక్కడికి దక్షిణాన ఎక్కడో ఉంది, పడవ లేనిదే కనిపించదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయినా వెళ్లాను.

ఆటు సమయం. నీళ్లు చాలా దూరం వెళ్లిపోయి, ఎర్రటి రాళ్లు, తడి ఇసుక. ఒకాయన ట్రెయిలరు మీద పడవ ఎక్కిస్తున్నాడు. "బీన్ అప్ ద ఫినిస్?" అని అడిగాను. వెళ్లాడట, రెండు బారమండీ చేపలు పడ్డాయట, ఐస్ పెట్టె తెరిచి చూపించాడు. బాగున్నాయన్నాను. ఫాగ్ బే అని పేరు ఎవరు పెట్టారో, ఏ పొద్దున పెట్టారో. అక్కడ మంచు లేదు, పొగ లేదు, అంతా తెరిపిగా ఉంది. రెండు గంటలు కూర్చున్నాను. ఏదో ఒకటి అనిపిస్తుందని వెళ్లాను కాబోలు. ఏమీ అనిపించలేదు. ఆకలి వేసింది.

తిరిగొచ్చాక నీరజకు ఫోన్‌లో చెప్పాను, వెళ్లానని, నది కనిపించలేదని.

"ఒక్కడివే వెళ్లావా?" అంది.

"ఊఁ."

"నీళ్లలోకి దిగలేదు కదా."

"మొసళ్లుంటాయి."

"అందుకే అడిగా" అంది. గొంతులో ఏదో తేడా ఉంది. తర్వాత, "చందూ, నువ్వు నన్నేమైనా అడగాలా?" అంది.

"ఏం అడగాలి?"

"ఏం లేదులే."

ఏప్రిల్ 8

ఏం అడగాలో నాకు అర్థం కాలేదు. ఎప్పుడొస్తావని అడగమందా? అడిగితే రానంటుందేమోనని భయం. అది ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలుస్తోంది, భయం. మిగతావన్నీ మొద్దుబారిపోయాయి.

ఏప్రిల్ 10, గురువారం

లియాన్ పోయిన వారం ఫినిస్ కింద భాగం నేల ఎవరిదో ఆ ఆదివాసీ కుటుంబాల పెద్దలతో మీటింగుకు వెళ్లింది. పేరు లేని వాగుల జాబితా నేనే ప్రింట్ తీసి ఇచ్చాను. ఇవాళ నా డెస్కు దగ్గరికి వచ్చింది.

"దే'వ్ ఆల్ గాట్ నేమ్స్" అంది. అన్నిటికీ పేర్లున్నాయట. ఎప్పటినుంచో ఉన్నాయట. కొన్ని చెప్పి, మ్యాపులో వేసుకోమన్నారు. ఎడమ గట్టున మూడింటి పేర్లు మాత్రం చెప్పలేదు. అవి వాళ్లలో వాళ్లు పిలుచుకునేవి, మ్యాపులో వేయడానికి కాదన్నారు.

"మరి ఆ గడిలో ఏం కొట్టాలి? అన్‌నేమ్డ్ అని ఉంచేయనా?"

"నో. ఇట్స్ నాట్ అన్‌నేమ్డ్, మేట్. దే జస్ట్ హావెంట్ టోల్డ్ అస్" అంది. ఖాళీ గడి ఒప్పుకునేలా సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడతానంది.

మూడు చోట్లా 'అన్‌నేమ్డ్' తీసేశాను. నీరజకు ఈ సంగతి చెప్పాను. "వాళ్లు చెప్పకపోతే నీకు కోపం రాలేదా?" అంది. నాకెందుకు కోపం, వాళ్ల వాగులు వాళ్లవి అన్నాను. "అడిగితే చెప్తారేమో" అంది. లియాన్ అడిగిందిగా అన్నాను. "లియాన్ కాదు" అంది. అత్తయ్య గారు అన్నానికి పిలుస్తున్నారని పెట్టేసింది.

ఏప్రిల్ 13, ఆదివారం

నీరజ స్నానానికి వెళ్లిందని సింధుజ ఫోన్ ఎత్తింది. ఎలా ఉందని అడిగాను.

"నయమే. తింటోంది. ఆ రోజు పేరు పెట్టుకున్న దగ్గర్నుంచి కొంచెం తేలికపడింది" అంది.

"ఏం పేరు?"

"మీకు చెప్పలేదా? అయ్యో. అది చెప్పే ఉంటుందనుకున్నానండీ."

మొత్తం రాబట్టాను. ఇరవై ఒకటో రోజున, మార్చి 22న, సింధుజ వాళ్ల హాల్లో బారసాల చేశారు. పేరు పెట్టకూడదన్న అత్తయ్య గారే పళ్లెంలో బియ్యం పోశారట. నీరజ పొద్దుటి నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని తిరుగుతుంటే చూడలేక పోశానని తర్వాత సింధుజతో అన్నారట. ఎందుకు ఫోన్ పట్టుకుని తిరిగింది అన్నాను.

"మీరే అన్నారట కదా హాస్పిటల్‌లో నర్సుతో, ఇరవై ఒకటో రోజున పెడతామని. అది విందట. ఆ రోజు మీరు ఫోన్ చేస్తారని చూసింది. మధ్యాహ్నం దాకా చూసి తనే చేసింది. ఆ తర్వాత ఉంగరం తీసి బియ్యంలో తనే రాసింది. హేమచంద్ర గారూ, వింటున్నారా? నేను చెప్పానని అనకండి, ప్లీజ్."

పేరేమిటని అడిగాను. అది తననే అడగండి అంది.

ఏప్రిల్ 14

కోపం వచ్చింది. బియ్యంలో పేరు రాయాల్సింది తండ్రి. నేను బతికే ఉన్నాను. ఫోను చేతిలోనే ఉంది. ఒక్క మాట చెబితే తన సొమ్మేం పోయేది? రాత్రికి ఫ్లైట్ ఎక్కి వచ్చేవాణ్ని. ఒక్క మాట చెప్పలేదు. బట్టలు ఆరేస్తున్నానంటే సరే, నది చెప్పు అంది.

సింధుజకు తెలుసు. వాళ్లాయనకు తెలిసే ఉంటుంది. అత్తయ్య గారికి తెలుసు. నాకు ఫినిస్ నది పొడవునా ఎక్కడెక్కడ ఏముందో తెలుసు.

ఏప్రిల్ 15

ఫోన్ చేయలేదు.

ఏప్రిల్ 16

తనూ చేయలేదు. మొన్న రాసింది చదివాను. ఆ రోజు ఏ రోజో తెలిసి కూడా నేను బట్టలు ఉతికాను. తను ఇంకేం లేదా అని అడిగింది. అడిగింది కదా.

మొన్న ఆరో తారీకున కూడా అడిగింది.

ఏప్రిల్ 17

ఈస్టర్ సెలవులు. సిడ్నీకి టికెట్ తీశాను. నది ఫైలు సబ్మిట్ చేయలేదు. లియాన్‌కు చెప్పాను, సముద్రం దగ్గర గీత ఇంకా కొట్టలేదని. "ఇట్'ల్ స్టిల్ బీ దేర్" అంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఎయిర్‌పోర్టు నుంచి ట్రెయినూ మెట్రోలూ మారి సింధుజ వాళ్లుండే రౌస్ హిల్ వచ్చాను. చలిగా ఉంది, స్వెట్టరు తెచ్చుకోలేదు. సింధుజ తలుపు తీసి నన్ను చూసి కంగారుపడింది. నేనేమీ అననని కళ్లతోనే చెప్పాను. అత్తయ్య గారు "ముందే చెప్పకూడదా బాబూ" అంటూ మంచినీళ్లు తెచ్చారు. నీరజ మెట్ల మీదే ఆగిపోయింది. చిక్కింది. చెవుల్లో దూది లేదు. "ఏమైంది?" అంది. ఏం కాలేదు, ఊరికే వచ్చానన్నాను.

రాత్రి భోజనాల దగ్గర అందరూ వాతావరణం గురించే మాట్లాడారు. నీరజా వాళ్లమ్మా ఒక గదిలో, నేను హాల్లో సోఫా మీద.

ఏప్రిల్ 19, శనివారం

పొద్దున సింధుజా వాళ్లాయనా తమ పిల్లను తీసుకుని షాపింగ్ సెంటర్‌కు వెళ్లారు. అత్తయ్య గారు వంటింట్లో దోసెలు పోస్తున్నారు. నీరజ వెనక పెరట్లో మెట్టు మీద ఎండలో కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. మధ్యలో ఇంకొక మనిషి పట్టేంత చోటు వదిలాను. తను జరగలేదు, నేనూ జరగలేదు.

"నది చెప్పు" అంది.

"నది వద్దు" అన్నాను. "పాప పేరు చెప్పు."

నావైపు తిరగలేదు. "అక్క చెప్పిందా?"

"పేరుందని చెప్పింది."

"పేరు చెప్పలేదా?"

"నిన్నే అడగమంది."

"ఇప్పుడడుగుతున్నావు" అంది.

"ఇప్పుడే అడుగుతున్నా."

లోపల పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు వినిపించింది. ఆ రోజు ఫోన్ చేస్తావని చూశానని తను అనలేదు. నేను సంజాయిషీ చెప్పుకోవాలని ఫ్లైటులో మూడు నాలుగు వాక్యాలు కూర్చుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. ఆ రోజు గుర్తుంది, గుర్తున్నా బట్టలు ఉతికానని మాత్రం చెప్పాను. "తెలుసు" అంది. "నీకు గుర్తుందని నాకు తెలుసు. అందుకే అంత కష్టమైంది."

కాసేపటికి, "తెలిస్తే ఏం చేస్తావు చందూ? ఎక్కడ రాసుకుంటావు?" అని అడిగింది.

"ఎక్కడా రాయను."

"ఆ ఫలకం మీద?"

"నువ్వు చెప్తే రాయిస్తా. లేదంటే లేదు."

చాలాసేపు నన్నే చూసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అంతసేపు నన్ను చూడడం ఇదే. అప్పుడు చెప్పింది. మామూలు గొంతుతోనే, మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న మనిషి పేరు చెప్పినట్టు.

నేను తిరిగి పలికాను.

"అలా చదివినట్టు కాదు" అంది. "పిలువు."

ఎలా పిలవాలో నాకు తెలియలేదు. ఎవరిని చూసి పిలవాలి? పెరట్లో బట్టల తీగ ఉంది, చెత్త డబ్బాలున్నాయి, అవతల పక్కింటివాళ్ల కంచె. కంచె వైపు చూసి పిలిచాను. "ఇంకొంచెం గట్టిగా. అది ఆడుకుంటూ ఉంటుంది, వినిపించుకోదు" అంది. ఇంకొంచెం గట్టిగా పిలిచాను.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత నాకు ఏడుపొచ్చింది. నెలన్నర నుంచి ఎక్కడుందో తెలియని ఏడుపు. సిగ్గులేకుండా ఏడ్చాను. నీరజ నా వీపు మీద చెయ్యి వేసి, తను ఏడవకుండా, ఏడవనిచ్చింది. దోసె మాడిన వాసన వచ్చినా అత్తయ్య గారు బయటికి రాలేదు.

డార్విన్‌కు ఎప్పుడొస్తావని అడగలేదు. సాయంత్రం తనే, సోమవారం ఫ్లైటులో ఇంకో సీటుందేమో చూడమంది. ఉంది.

ఇప్పుడు నాకు పేరు తెలుసు. రాయనని మాటిచ్చాను కాబట్టి ఇక్కడ కూడా రాయడం లేదు. పిలుస్తాను.